పక్క సీటాయన

మా వారు ఆఫీసు నుంచి రాగానే పక్క సీటాయన మీద చెప్పే ఫిర్యాదులు నాకు కంఠతా వచ్చు. ఫోనులో అరుస్తాడట, కాలు ఊపుతాడట, తాగిన కాఫీ కప్పు అక్కడే వదిలేస్తాడట. పాపం ఈయన ఎలా భరిస్తున్నారో అనుకునేదాన్ని.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసు మా డైనింగ్ టేబుల్ మీదకి చేరింది. వారం తిరిగేసరికి ఆ పక్క సీటాయన ఎవరో నాకు తెలిసిపోయింది! మీటింగంటే వీధి చివరికి వినపడాలి. మధ్యాహ్నానికి కప్పులు మూడు. ఆ కాలి ఊపుకి ఆవకాయ జాడీ మూత గలగల.

ఒకరోజు కుక్కర్ మూడో విజిల్ వేస్తుంటే ఆపమన్నట్టు చేయి ఊపారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇది నా ఆఫీసండీ, ఇరవై ఏళ్ల సర్వీసు" అన్నాను, మైకు ఆన్‌లో ఉందని తెలీక. అవతల ఎవరో ఆవిడ పకపకా నవ్వింది.

ఈయన నవ్వలేదు. మర్నాటి నుంచి కప్పు మాత్రం సింకులో కనపడుతోంది. కడిగి కాదులెండి.