మాటల పుట్టిళ్లు

ఆడవాళ్లకే కాదండీ, మాటలకీ పుట్టిళ్లుంటాయట. మొన్న సెలవుల్లో మా మనవరాలు చెప్పింది. ఏదో పోటీ పరీక్షకని ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తూ, బెండకాయలు తరుగుతున్న నన్ను శ్రోతను చేసుకుంది.

"అమ్మమ్మా, 'సాలరీ' లాటిన్ నుంచి వచ్చింది. 'సాల్' అంటే ఉప్పు."

"వింతేముందే! జీతమిచ్చినవాడి ఉప్పు తిన్నామని మనమూ అంటాంగా" అన్నాను.

'వాక్సిన్'లో ఉన్నది లాటిన్ ఆవట. 1796లో జెన్నర్ అనే ఇంగ్లీషు డాక్టరు ఆవులకొచ్చే మశూచితో మనుషుల మశూచిని ఆపాడు కనక, ఆవు పేరే నిలిచిపోయింది. 'మజిల్' అంటే చిట్టెలుక! పడక్కుర్చీలోంచి మావారు చొక్కా చెయ్యి మడిచి తన చిట్టెలుక కోసం వెతుక్కున్నారు. కనబడలేదు. అందరం నవ్వుకున్నాం.

"హిస్టీరియా! ఇది గ్రీకు. 'హిస్టెరా' అంటే గర్భసంచి. అది ఒంట్లో చోటు తప్పి తిరుగుతుందనీ, ఆడవాళ్ల జబ్బులకు అదే కారణమనీ పూర్వం గ్రీకులు నమ్మేవారట."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది.

1984లో నాకు ముప్ఫై రెండేళ్లు. పొత్తికడుపులో నొప్పి, నెలకు పదిరోజులు లేవలేకపోయేదాన్ని. ఒక పెద్ద డాక్టరుగారు నన్ను బయట కూర్చోబెట్టి మావారితో, "ఏమీ లేదండీ, ఉత్త హిస్టీరియా. నాలుగు రోజులు పుట్టింటికి పంపండి" అన్నారు. వెళ్లాను, వచ్చాను. నొప్పి కూడా నాతోనే వెళ్లి నాతోనే వచ్చింది. ఆ తర్వాత మూలిగితే చాలు, అత్తగారి దగ్గర్నుంచి ఆడపడుచు దాకా అదే మాట. చివరికి నేనూ నమ్మి, మూలగడం మానేశాను. ఆరేళ్లకు ఒక లేడీ డాక్టరు పరీక్ష చేసి, గర్భసంచిలో కొబ్బరికాయంత గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. హిస్టెరెక్టమీ.

"అదీ ఆ పుట్టింటి మాటే అమ్మమ్మా!"

అక్కచెల్లెళ్లన్నమాట! అక్క నా నొప్పిని అబద్ధమంది. చెల్లెలు వచ్చి నిజమని తేల్చింది.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే హిస్టీరియా పేరు పక్కన పెట్టి, వేరే పేర్లు తెచ్చిందని కూడా మనవరాలే చదివింది.

"అయితే వాళ్లు వదిలేసిన నాలుగేళ్లకు నాకు తగిలించారన్నమాట!" అన్నాను. 

మావారు నవ్వలేదు. "నేనైనా ఎక్కడ నొప్పని నిన్ను అడగవలసింది" అన్నారు నెమ్మదిగా.

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసం చూస్తున్నానని నాకే తెలియదు సుమండీ. బెండకాయలు మళ్లీ ముందుకు లాక్కున్నాను.

మీ ఇంట్లో కూతురో కోడలో నొప్పి అంటే, దాని పేరు తర్వాత వెతుకుదురుగాని. ముందు ఎక్కడో అడగండి.