1,457 గజాలు

బారీ సాండర్స్ ఆడుతుండగా నేను చూడలేదు. అతను ఆట మానేసేనాటికి నేను నిక్కర్లేసుకుని బడికెళ్ళేవాణ్ణి. 2023లో ‘బై బై బారీ’ డాక్యుమెంటరీ వచ్చినప్పుడు చూసి, ఆ తర్వాత పాత క్లిప్పులన్నీ వెతుక్కున్నా.

రన్నింగ్ బ్యాక్ పని చెప్పుకోడానికి తేలికే. బంతి చంకలో పెట్టుకుని, మీద పడే పదకొండు మందిని తప్పించుకుంటూ ముందుకెళ్ళాలి. కబడ్డీలో కూతకెళ్ళినవాడి తిప్పలే, కాకపోతే ఇక్కడ పట్టుకునేవాళ్ళలో చాలామంది నూరు కిలోల పైమాటే. 5 అడుగుల 8 అంగుళాల సాండర్స్ దారి దొరక్కపోతే వెనక్కి పరిగెత్తేవాడు. అలా వెనక్కి పోయి, దొరికిపోయి, కెరీర్ మొత్తంలో చాలా గజాలే పోగొట్టుకున్నాడు. అయినా డెట్రాయిట్ లయన్స్ తరఫున పది సీజన్లలో 15,269 గజాలు. 1997 ఒక్క ఏడాదే 2,053.

1999 జులైలో, ట్రైనింగ్ క్యాంప్ మొదలవబోతుండగా, సొంతూరి పేపరు ‘విచిటా ఈగిల్’కి ఒక ఫ్యాక్స్ వచ్చింది. రిటైరవుతున్నానని. వయసు 31. గాయం వల్ల కాదు. వాల్టర్ పేటన్ రికార్డుకి ఇంకా 1,457 గజాల దూరం. అంతకు ముందు సీజన్లో అతను పరిగెత్తింది 1,491.

‘ఇంకొక్క ఏడాది ఆగుంటే!’ అని పైకే అనేశా. అన్నాక గుర్తొచ్చింది, ఈ మాట నేను ఇంతకుముందూ అన్నానని. మా టీమ్‌లో సీనియర్ ఒకాయన పేపర్ వేసినప్పుడు. ‘ఒక్క ఏడాది ఆగన్నా, స్టాక్స్ అన్నీ చేతికొస్తాయి కదా.’ ఆయన నవ్వి, ‘ఆ ఏడాది పని ఎవరు చెయ్యాల్రా, నువ్వా?’ అన్నాడు.

సాండర్స్ తన సంగతి మొదటి ఏడాదే చెప్పేశాడు. 1989 చివరి మ్యాచ్‌లో, లీగ్ మొత్తంలో మొదటి స్థానానికి పది గజాల తేడా. గెలుపు ఎలాగూ ఖాయమైంది కదా అని మళ్ళీ మైదానంలోకి దిగలేదు. టచ్‌డౌన్ కొట్టాక కూడా గంతుల్లేవు, బంతి రెఫరీ చేతికిచ్చి వచ్చేసేవాడు.

అతన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఫ్యాక్స్‌తో వెళ్ళిపోవడం అభిమానులకి గట్టిగానే తగిలింది. బోనస్‌లో కొంత వెనక్కి కట్టాల్సొచ్చింది. మన భాషలో రికవరీ. పదేళ్ళలో లయన్స్ గెలిచింది ఒక్క ప్లేఆఫ్ మ్యాచే. ఆ ఓటములే తనని అలసిపోయేలా చేశాయని తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. పేటన్ రికార్డుని 2002లో ఎమిట్ స్మిత్ దాటేశాడు. సాండర్స్ ఆగినా అది అతని దగ్గర నిలిచేదో లేదో.

ఆ రోజు నా బెంగ ఆ అన్న స్టాక్స్ గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన వెళ్ళిపోతే, నేనెందుకు ఉంటున్నానో నాకు నేను చెప్పుకోవాల్సొస్తుంది. అదీ భయం.

నా స్టాక్స్ కూడా చేతికొచ్చాయి. కొత్తవి ఇచ్చారు. ఇంకొక్క ఏడాది ఆగితే అవీ వస్తాయి.