ఇరవై ఒక్క మలుపులు

కొండెక్కాలంటే మనకు తెలిసినవి రెండే దార్లు. ఒకటి అలిపిరి మెట్లు, రెండోది బస్సు. సైకిలు మీద కూడా కొండలెక్కుతారని, అలా ఎక్కేవాళ్ళలో నేనూ ఒకదాన్నవుతానని యాభై రెండేళ్ళు వచ్చేదాకా అనుకోలేదండీ!

మా అమ్మాయి ఫ్రాన్సులో గ్రెనోబ్ల్ అనే ఊళ్ళో ఉంటుంది. అక్కడికి కొంత దూరంలో, ఆల్ప్స్ పర్వతాల్లో, ఆల్ప్ ద్యుయెజ్ అని ఓ కొండ ఊరుంది. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం 1952లో మొదటిసారి ఆ దారి ఎక్కింది. కింద బూర్గ్ ద్వాజాన్ నుంచి 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు. వంద మీటర్లు ముందుకెళ్తే ఎనిమిది మీటర్లు పైకెక్కినట్టు. రెండంతస్తుల మేడకు పైనే!

"అత్తయ్యగారూ, కారులో వెళ్ళి చూసొద్దాం" అన్నాడు అల్లుడు. చూడ్డానికైతే కారు చాలు. కానీ నా కోరిక వేరు. మీలో చాలామందికి జరిగిందే నాకూ జరిగింది. ఎనిమిదో తరగతి దాకా అన్నయ్య సైకిలు తొక్కేదాన్ని. ఓణీ వేసుకోగానే "ఇంక చాల్లే" అన్నారు. ఎందుకని అడిగే అలవాటు అప్పుడు లేదు. అందుకే అద్దె సైకిలు తీసుకుని ఈజేర్ నది గట్టున ఆరు వారాలు తొక్కాను. చిన్న చిన్న ఎత్తులెక్కాను. ఆ తర్వాతే అటు బయల్దేరాను.

కిటుకంతా గేర్లలో ఉంది. ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళ చక్రం. కాళ్ళు తేలిగ్గా తిరుగుతాయి, బండి నెమ్మదిగా పాకుతుంది. పాలు సన్నసెగ మీద కాచినట్టన్నమాట. పక్కవాళ్ళతో మాట్లాడలేనంత ఆయాసం వస్తోందంటే సెగ ఎక్కువైందని గుర్తు. అరగంటకోసారి అరటిపండో, ఖర్జూరమో, గుక్కెడు నీళ్ళో తప్పనిసరి.

తిరుమల నడకదారిలో మోకాళ్ళ పర్వతం చివర్లో వస్తుంది కదా, ఇక్కడ మొదట్లోనే! మలుపులకు అంకెలు కూడా తిరగేసి ఉంటాయి. కింద 21, పైన 1. ప్రతి మలుపులో పందెం గెలిచినవాళ్ళ పేర్లతో పలక. ఎంత ఎక్కామో కాదు, ఎంత మిగిలిందో చెబుతుందది. పక్కనుంచి దూసుకుపోయే కుర్రాళ్ళు "కురాజ్!" అంటారు. ధైర్యం అని అర్థం.

ఏడో మలుపు దగ్గర చర్చి ఉంది. అక్కడికొచ్చేసరికి నా కాళ్ళు వణికిపోయాయి. దిగి, నీడన కూర్చున్నాను. ఇంట్లో ఇలా కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. ఇక్కడ పిలిచేవాళ్ళే లేరు. పైకెళ్ళాలా, వెనక్కి దిగాలా అన్నది నేనే తేల్చుకోవాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత పెద్ద విషయం నేనొక్కదాన్నే తేల్చుకోవడం అదే మొదలు. పది నిమిషాలు కూర్చుని, మళ్ళీ సైకిలెక్కాను.

పైకి చేరడానికి రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. పందెంలో ఆరితేరినవాళ్ళు ముప్పావు గంటలోపే ఎక్కేస్తారు! 2024 ఆగస్టు 18న ఆడవాళ్ళ టూర్ ద ఫ్రాన్స్ ఇక్కడే ముగిసింది. ఆ రోజు ఈ కొండ మీద డెమి వోలరింగ్ ముందు చేరినా, మొత్తం పందెం మాత్రం నాలుగు సెకన్ల తేడాతో నీవియాడోమా గెలిచింది.

ఎక్కడం కంటే దిగడానికే జాగ్రత్త ఎక్కువ కావాలి. మలుపుకు ముందే బ్రేకు వేసి, మలుపులో వదలాలి. అదేపనిగా నొక్కి ఉంచితే బ్రేకులు వేడెక్కుతాయి. చెమట మీద చలిగాలి కొట్టకుండా చొక్కా లోపల వార్తాపత్రిక మడిచి పెట్టుకోవడం అక్కడివాళ్ళ పాత చిట్కా. నేనూ అదే చేశాను.

మన ఊళ్ళో ఆల్ప్స్ లేకపోతేనేం? పిల్లల సైకిలు వసారాలో మూలన పడి ఉంటే గాలి కొట్టించండి, సీటు మీ ఎత్తుకి సరిచేయించండి. మోకాళ్ళ నొప్పులుంటే ముందు డాక్టరుని అడగండి. చున్నీ గొలుసులో పడకుండా నడుముకి బిగించి, పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళి రండి. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి. రెండో వారానికి వాళ్ళే మానేస్తారు!