డ్యూటీకి 9... ఇంటికి 32!

విశాఖ ఉక్కు కర్మాగారం గేటు. షిఫ్టు మారే వేళ. బస్సులు, స్కూటర్లు, చేతుల్లో టిఫిన్ క్యారియర్లు... ఆ సందడి మధ్య కదలకుండా నిలబడి ఉంటాడు సీఐఎస్‌ఎఫ్ అధికారి. నడుముకు ఒర. అందులో పిస్తోలు. లోపలికి వెళ్లే వాళ్ల చూపు ఓ క్షణం దాని మీద పడి పక్కకు తప్పుకుంటుంది.

అదే అధికారి రిటైరై, గాజువాకలోనో మధురవాడలోనో ఇల్లు కట్టుకుని, ఆత్మరక్షణకు సొంతంగా ఓ ఆయుధం కొనుక్కోవాలనుకుంటే? ఇన్నేళ్లూ చేతికి అలవాటైన ఆ పిస్తోలు మాత్రం కొనలేడు. చేతిలో డబ్బుంది, గురి ఉంది, లైసెన్సూ వచ్చింది... అయినా కొనలేడు! అడ్డుపడేది ఒక్కటే... దాని సైజు.

ఒక్క మిల్లీమీటరే తేడా!

తుపాకీ గొట్టం లోపలి వెడల్పునే క్యాలిబర్ అంటారు. మనవాళ్ల వాడుకలో ‘బోరు’. డ్యూటీ పిస్తోలుది 9 మిల్లీమీటర్లు. ఇంట్లో పెట్టుకునేదాన్ని ‘పాయింట్ 32’ అంటారు. అంటే అంగుళాన్ని వంద భాగాలు చేస్తే అందులో 32. సుమారుగా 8 మిల్లీమీటర్లు. కాగితం మీద చూస్తే రెండింటికీ తేడా మిల్లీమీటరే. పేలిస్తే మాత్రం పొంతనే ఉండదు. 9 ఎంఎం గుండు బరువు ఏడున్నర నుంచి ఎనిమిది గ్రాములు. సెకనుకు దాదాపు 350 మీటర్ల వేగంతో దూసుకెళ్తుంది. పిస్తోలులో వాడే పాయింట్ 32 గుండు ఐదు గ్రాములు కూడా తూగదు. వేగమూ తక్కువే. తగిలే దెబ్బలో 9 ఎంఎందే పైచేయి... రెట్టింపుకు పైనే!

ఈ 9 ఎంఎం తూటాకు రూపమిచ్చింది ఆస్ట్రియాకు చెందిన జార్జ్ లూగర్. 1902 నాటి సంగతది. మన దేశంలో కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్తోలు బ్రౌనింగ్ నమూనాది. ఒక్కసారి నింపితే 13 తూటాలు. ఒకప్పుడు పోలీసు అధికారుల నడుముకు కనిపించిన పాయింట్ 38 రివాల్వర్‌లో పట్టేవి ఆరే. పైగా 9 ఎంఎం కార్బైన్‌లోనూ ఇవే తూటాలు ఇముడుతాయి. ఒకే పెట్టె తెరిచి రెండు ఆయుధాలూ నింపుకోవచ్చు. భద్రతా దళాలు దీన్ని ఇష్టపడటానికి ఇంతకన్నా కారణమేం కావాలి?

గొట్టాల నగరంలో...

అలాగని ఈ తూటా అన్నిచోట్లా అక్కరకొస్తుందనుకుంటే పొరపాటే. ఉక్కు కర్మాగారంలోకి ఒక్కసారి తొంగిచూడండి. తలమీద గ్యాసు పైపులు. ఓ పక్క కోక్ ఓవెన్లు, మరో పక్క మరుగుతున్న ఉక్కు మోసుకెళ్లే లేడిల్స్. అటు పోర్టులో చమురు ఓడలు, ట్యాంకులు. వేగంగా వెళ్లే గుండు మనిషికి తగిలినా అక్కడే ఆగుతుందన్న హామీ లేదు. దాటి వెళ్లి వెనకున్నదాన్ని కొట్టొచ్చు. ఉక్కు పలకకు తగిలి పక్కకు ఎగరొచ్చు. ట్యాంకులోంచి విషవాయువు బయటికొస్తే ఏమవుతుందో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో విశాఖ కళ్లారా చూసింది.

అందుకే ఎవరిని కాల్చాలన్న దానితోపాటు, ఆ మనిషి వెనక ఏముందో కూడా చూసుకోవాలని నేర్పుతారు. బోరు పెద్దదైతే ధైర్యం పెరుగుతుందనుకుంటాం. నిజానికి పెరిగేది బాధ్యత!

మన్యం చెప్పిన పాఠం

ఇంతకీ 9 ఎంఎం ఇంట్లో ఎందుకు ఉండకూడదు? జవాబు తెల్లదొరల కాలం నాటిది. సైన్యం వాడే సైజు జనం చేతిలో ఉంటే, దోచుకున్న తూటాలు ఆ తుపాకుల్లోకి చక్కగా సరిపోతాయన్నది వాళ్ల భయం. అందుకే 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పాయింట్ 303, పాయింట్ 450 సైజుల్ని ప్రైవేటు వ్యక్తులకు నిషేధించారు. వేట తుపాకులు తయారుచేసే ఇంగ్లండు కంపెనీలు భారతదేశం కోసమే పాయింట్ 470 లాంటి కొత్త సైజులు కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ భయం ఉత్తదేమీ కాదు. తూటాలొక్కటే కాదు, తుపాకులూ పోతాయని విశాఖ వెనకున్న కొండలే రుజువు చేశాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది. 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు పట్టుకెళ్లింది. సర్కారు ఆయుధమే సర్కారు మీదకు తిరిగింది. దాదాపు వందేళ్ల తర్వాత, 2018 సెప్టెంబర్ 23న అదే మన్యంలో లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు చంపారు. ముందుగా చేసిన పని... అంగరక్షకుల ఆయుధాలు లాక్కోవడం! రెండు ఘటనల ఉద్దేశాలు వేరు, కాలాలు వేరు. ఆయుధం చేయి మారితే ఏమవుతుందన్న పాఠం మాత్రం ఒక్కటే.

స్వతంత్రం వచ్చాకా ఆ గీత చెరిగిపోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం కిందా 9 ఎంఎం నిషేధిత బోరే.

ఇంటికి వస్తే...

మామూలు పౌరుడి ముందుండే దారులు కొన్నే. కాన్పూర్‌లో తయారయ్యే ఆరు తూటాల పాయింట్ 32 రివాల్వర్ అందులో అందరికీ తెలిసినది. 2014లో మహిళల కోసమంటూ అక్కడి నుంచే ‘నిర్భీక్’ వచ్చింది. బరువు అరకిలోనే. రివాల్వర్‌లో తూటా తుస్సుమంటే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, పక్క తూటా ముందుకొస్తుంది. పిస్తోలు పలచగా ఉంటుంది కానీ, తూటా ఇరుక్కుంటే సరిచేయడానికి అలవాటు కావాలి.

కొనేశాక కథ కంచికి చేరదు. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండు ఆయుధాలే. లైసెన్సు అయిదేళ్లు. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించమంటారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంట్లోనే ఉంది. అపార్టుమెంట్లో రెండు గదుల మధ్య సన్నటి చెక్క పార్టిషనే ఉంటే పాయింట్ 32 కూడా దాన్ని దాటిపోగలదు. అవతల నిద్రపోయేది మన పిల్లలే! తూటాలు తీసి ఒకచోట, తుపాకీ తాళం వేసి ఇంకోచోట పెట్టమనేది అందుకే. అలా పెడితే అర్ధరాత్రి అవసరానికి అందుతుందా? లైసెన్సుకు దరఖాస్తు పెట్టే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన ప్రశ్న ఇది.

ఆటకు చిన్నదే ముద్దు

గురి మీద సరదా ఉంటే మాత్రం ఈ బెంగ అంత అక్కర్లేదు. 10 మీటర్ల పోటీకి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్తోలు. 25 మీటర్లకు పాయింట్ 22. కుదుపు తక్కువ, తూటా ఖర్చూ తక్కువ. ఎన్‌సీసీలో చేరినవాళ్లు తొలిసారి భుజానికి ఆనించిన రైఫిల్ గుర్తుందా? అదీ పాయింట్ 22నే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు విభాగంలో రజతం తెచ్చింది కూడా ఈ బుల్లి తూటాతోనే!

సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళ్తే కురుసుర సబ్‌మెరైన్ ముందు పిల్లల క్యూ. లోపల టార్పెడో గొట్టాలు. వాటి కొలత 533 మిల్లీమీటర్లు. 2001లో నౌకాదళం నుంచి విరమించుకున్న ఆ ఉక్కు చేప ఇప్పుడు పిల్లల్ని నవ్విస్తోంది. 9 ఎంఎం పిస్తోలుకూ అలాంటి రోజొకటి ఉంటుంది. ఆఖరి డ్యూటీ ముగించుకున్న అధికారి ఆయుధాగారంలో దాన్ని బల్లమీద పెడతాడు. తూటాలు లెక్కపెడతారు. ఇచ్చినవి 13... తిరిగొచ్చినవి 13. రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఖాళీ నడుముతో గేటు దాటి ఇంటి బస్సెక్కుతాడు. ఆ ఉద్యోగానికి అంతకన్నా పెద్ద పతకం లేదు.