ఓపీ చీటీ మీద ఒక ప్రశ్న

ఖమ్మం నుంచి కోదాడ వెళ్లే దారిలో ఉంటుంది నేలకొండపల్లి. భక్త రామదాసు పుట్టిన ఊరు, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. నేను వెళ్లింది మాత్రం అక్కడి సర్కారు దవాఖానకు. పిల్లల టీకాల గురించి ఊరూరా మాట్లాడుకుంటాం. పెద్దల టీకాల సంగతి ఓపీలో ఎట్లా నడుస్తోందో చూడాలనిపించింది.

పొద్దున్నే చీటీల కిటికీ ముందు వరుస కట్టారు. బీపీ, షుగరు మాత్రల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్ల మధ్యలో అరవై దాటిన రైతు ఒకాయన ఉన్నాడు. చెరకు కొడుతుంటే కత్తి తగిలిందట, అరచేతికి తువ్వాలు చుట్టుకొని వచ్చాడు. నర్సమ్మ గాయం కడుగుతూ, "టీటీ ఎప్పుడు ఏయించుకున్నవ్ పెద్దయ్యా?" అని అడిగింది. "ఎప్పుడో దెబ్బ తగిలినప్పుడు ఏసిన్రమ్మా, యాది లేదు" అన్నాడు.

ఆమె ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకా సీసా తీసి, దాని మీది గుర్తు నాకు చూపించింది. గుండ్రటి మచ్చ, దాని మధ్య చిన్న చదరం. చదరం చుట్టూ ఉన్న రంగు కంటే తెల్లగా ఉంటే మందు పనికొస్తుంది. ఆ రంగుకు తిరిగితే పారేయాల్సిందే. సీసా మీద తెరిచిన తేదీ కూడా రాసి ఉంది. సూది వేసి, నెల తర్వాత మళ్లీ రావాలని చీటీ వెనక తేదీ వేసింది. చిన్నప్పుడు టీకాలు పడని మనిషికి ఒక్క సూది చాలదు. నెలకు రెండోది, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది పడాలి.

ఆయన వయసువాళ్లకు చిన్నప్పుడు టీకాలు ఎందుకు పడలేదంటే, దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం మొదలైందే 1978లో. పల్లెలకు గట్టిగా చేరింది 1985 తర్వాత. గర్భిణులకు టీటీ ఇవ్వడం, కాన్పులు శుభ్రంగా జరగడం వల్ల 2015 నాటికి తల్లులకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలన స్థాయికి తెచ్చింది. పొలంలో ఉండే మగవాళ్లకు అట్లాంటి పిలుపు రాలేదు. ధనుర్వాతం మట్టిలో ఉండే క్రిమితో వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అందుకే ఊరంతా టీకా వేయించుకున్నా, వేయించుకోని మనిషికి రక్షణ ఉండదు. టీటీ స్థానంలో వచ్చిన టీడీ కంఠసర్పి నుంచి కూడా కాపాడుతుంది. పదేళ్లకోసారి దాన్ని వేయించుకోవాలి.

కుక్కకాటు టీకా మరో పాఠం. కరిచిన రోజున పరుగెత్తుకొచ్చేవాళ్లు మూడో రోజుకు, ఏడో రోజుకు, ముఖ్యంగా ఇరవై ఎనిమిదో రోజుకు కూలి పోతుందని ఆగిపోతారు. రేబిస్ వచ్చిందంటే ప్రాణం దక్కదు. వరుస పూర్తి కావాలంటే తేదీ రాసిస్తే చాలదు, ఆశా కార్యకర్త ఆ తేదీకి ఇంటికి వెళ్లి గుర్తుచేయాలి.

పెద్దలకు సూదంటే పడదనే మాట నేను ఒప్పుకోను. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు కోవిడ్ టీకా ఇస్తామంటే ముసలివాళ్లు ఊళ్లలోనూ వరుసల్లో నిలబడ్డారు. అప్పుడు పిలిచారు, వచ్చారు. ఇప్పుడు అడిగేవాళ్లే తక్కువ. బుధ, శనివారాలు పిల్లల టీకాలకని అందరికీ తెలుసు. ప్రతి నెలా మాత్రలకు వచ్చే పెద్దమనిషికి మాత్రం అట్లాంటి రోజు లేదు. పది మోతాదుల సీసాను ఒక్కరి కోసం ఎట్లా తెరుస్తామన్న జంకూ అక్కర్లేదు. సరైన చల్లదనంలో ఉంచితే తెరిచిన టీడీ సీసాను 28 రోజుల వరకు వాడొచ్చు.

కాబట్టి బీపీ చూసేటప్పుడే "చివరి టీకా ఎప్పుడు?" అని అడగాలి. జవాబు ఓపీ చీటీ మీద రాయాలి. బాకీ ఉంటే ఆ పూటే వేసి పంపాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. హెపటైటిస్-బి టీకాను 1997లోనే హైదరాబాద్‌లో తయారుచేసి చౌకగా అందించిన రాష్ట్రం మనది. అట్లాంటి చోట షుగరు ఉన్న పెద్దలకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు కూడా సర్కారు దవాఖానల్లో ఉచితంగా దొరకాలి. ఆ మాట మనం గట్టిగా అడగాలి.