కెమెరాలో రెండు చుక్కల నూనె

కుట్టుమిషను బిగిస్తే ఏం చేస్తాం? రెండు చుక్కలు నూనె వేస్తాం. తలుపు బందు కీచుమన్నా అంతే. ఆ అలవాటు చొప్పునే నాలుగేళ్ళ కిందట మా నాయన కెమెరాలో కూడా రెండు చుక్కలు వేశాను. ఆ రెండు చుక్కలూ బయటికి తీయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నాయనకు కళ్యాణదుర్గంలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కెమెరా యాషికా మ్యాట్ 124జి. జపాన్ వాళ్ళది, 1970లో వచ్చింది. మెడకు తగిలించుకుని, తల వంచి పైనుంచి చూసే రకం. పై అద్దంతో మనం చూస్తాం, కింది అద్దం ఫోటో తీస్తుంది. రోలుకు పన్నెండే బొమ్మలు. మొదట్లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళు చేసిన ‘ఇందు’ నలుపు తెలుపు రోళ్ళు వాడేవాడు. ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది, పాపం. బుడ్డల పంట ఎండిపోయిన ఏడు కూడా పెళ్ళిళ్ళు ఆగవు కదా! ఫోటోల డబ్బులు మాత్రం “వచ్చే పంటకిస్తాం స్వామీ” అనేవాళ్ళు. ఏదో విధంగా ఆ కెమెరాయే మా ముగ్గురినీ పెంచింది. విచిత్రమేమంటే, ఫోటోగ్రాఫరు భార్య అయ్యుండి మా అమ్మకు పెళ్ళినాటి ఫోటో తప్ప ఇంకొకటి లేదు. “పన్నెండులో ఒకటి ఇంటికి వాడితే గిరాకీకి పదకొండేగా” అనేవాడు నాయన. అమ్మ ఎప్పుడూ అడగనూ లేదు.

డిజిటల్ వచ్చాక స్టూడియో మూసేశారు. అమ్మానాయనలు అనంతపురంలో మా ఇంటికి వచ్చేటప్పుడు కెమెరాను తువ్వాల్లో చుట్టి తెచ్చారు. మావారు, “పాత సామాన్లవాడికి వేస్తే నూరో యాభయ్యో వస్తుంది” అన్నారు. నాకు రోషం వచ్చి బయటికి తీశాను. మీట నొక్కితే టక్‌మనే బదులు నసిగింది. ఇంకేం, నా కుట్టుమిషను డబ్బా తెచ్చాను!

మొదట బాగానే ఆడింది. వారానికి పూర్తిగా అంటుకుపోయింది. నాయనకు చెప్పక తప్పలేదు. “మిషన్ నూనె పోస్తివా పాపా?” అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

బెంగళూరులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, కూలి కెమెరా విలువను మించుతుందని ముందే చెప్పేశాడు. పుణ్యాత్ముడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేసుకోవాలో మాత్రం చూపించాడు. కుట్టుమిషనులో ఇనుము ఇనుమును రాసుకుంటుంది, దానికి నూనె కావాలి. కెమెరా అద్దాల మధ్య తెరుచుకునే సన్నని రేకులు మాత్రం పొడిగా జారాలి. కడిగిన రెండు స్టీలు పళ్ళేలు తడిమీద ఒకదానికొకటి అంటుకుంటాయి చూశారా, నూనె పడితే అవీ అంతే.

రబ్బరు బిరడా ఆనించి మెల్లగా తిప్పితే ముందువైపు అద్దాల గుత్తి ఊడి వస్తుంది. రాకపోతే ఆ పూటకు వదిలేయాలి, బలం పెట్టకూడదు. సిగరెట్ లైటర్లలో పోసే ద్రవంలో దూదిపుల్ల ముంచి, పిండేసి, రేకుల మీద అద్దాలి. ముప్పై నలభై సార్లు మీట నొక్కి, తుడిచి, మళ్ళీ అద్దాలి. ఇది పొయ్యి ఉన్న గదిలో చేసే పని కాదు, దీపం కూడా దగ్గర ఉండకూడదు. నేను మిద్దె మీద నీడపట్టున చేసేదాన్ని. ఈ రోజు శుభ్రంగా ఉందనుకుంటే, మర్నాటికి లోపలి పళ్ళచక్రాల సందుల నుంచి నూనె మళ్ళీ రేకుల మీదికి పాకేది. అలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

మా చెల్లెలు కాకినాడలో ఉంటుంది. అక్కడ కెమెరా అద్దాలకు బూజు పడుతుందట. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప, బూజు బాధ తక్కువే. మాకు శత్రువు దుమ్ము. ఆషాఢం గాలులు మొదలైతే దర్గా హొన్నూరు వైపు పొలాల్లో ఇసుక మేటలు వేస్తుంది, ఇంట్లో చెంబు మీద మూత తీయలేము. ఆ దుమ్ముతోనే అద్దాన్ని చీర కొంగుతో తుడిచామో, గీతలు పడి ఊరుకుంటాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టాలి. నోటితో ఊదితే ఉమ్ము తుంపర పడుతుంది.

వెనక మూత అంచుల్లో వెలుగు చొరకుండా పెట్టిన స్పాంజి తారులాగా కరిగి జిగురుకట్టింది. అగ్గిపుల్లతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, స్వెట్టర్లు అల్లగా మిగిలిన నల్ల ఉన్నిదారం ఆ గాడిలో అతికించాను. దీనికి మాత్రం ఏ మెకానిక్కూ నేర్పక్కర్లేదు, మన చేతిలో పనే!

వేగం సరిగా ఉందో లేదో మా అబ్బాయి ఫోనులో స్లోమోషన్ తీసి చూపించాడు. ఒక సెకను దగ్గర ఇప్పటికీ మొరాయిస్తుంది. మిగతావి నడుస్తున్నాయి. దాన్ని అలాగే వదిలేశాను, ఇంకా కెలికితే ఉన్నదీ పోతుందని భయం. వెలుతురు కొలిచే మీటరుకు వాడే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు. నాయనకు వాటితో పని లేదు, నీడ చూసి చెప్పేస్తాడు.

కిందటి మాఘమాసంలో ఒక రోలు తెప్పించాను. దాని ధరకు వంటనూనె పాకెట్లు ఐదారు వస్తాయి. నాయన చేతులు వణుకుతాయి కాబట్టి కెమెరాను స్టూలు మీద పెట్టాం. “నాకెందుకబ్బా ఈ వయసులో” అంటూనే అమ్మ లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. నాయన తల వంచి, చాలాసేపు చూసి, “గడ్డం కొంచెం పైకెత్తు” అన్నాడు. పన్నెండూ అమ్మవే తీశాడు.

బెంగళూరులో కడిగించి తెచ్చాం. పదకొండు బాగా వచ్చాయి. ఒకదానిలో మాత్రం కుడివైపు అంచున తెల్లటి చార పడింది. బందు దగ్గర ఉన్నిదారం కాస్త లేచినట్టుంది, ఈ ఆదివారం పీకి మళ్ళీ అతికించాలి.