పట్టును విడుపును

వాహనమును నడుపుట యనగా దానిని ముందునకు పరుగెత్తించుట మాత్రమే కాదు. కోరిన దిక్కునకు దానిని త్రిప్పుటయు, కోరని దిక్కునకు తిరుగకుండ నిలుపుటయు నడుపువాని చేతిలోని పనులే. చదునైన రాజమార్గముమీద ఈ రెండవ పని అంతగా గోచరింపదు. రాళ్లును, గోతులును, ఇసుకదిబ్బలును నిండిన నేలమీద వాహనము పందెమునకు దిగినప్పుడు అదియే ముఖ్యమైన పని యగును. అట్టి పందెములలో పరుగెత్తు క్వాడ్ బైకునకు స్టీరింగ్ స్టెబిలైజరు అను చిన్న పరికరమును అమర్చుదురు. పరిమాణములో చిన్నదే యైనను దాని నడవడి తెలిసికొనదగినది.

క్వాడ్ బైకు మోటారు సైకిలునకును చిన్న కారునకును నడిమి వాహనము. నడుపువాడు గుఱ్ఱమునెక్కినట్లు సీటునకు ఇరుప్రక్కల కాళ్లు వేసి కూర్చుండును. చేతులలో మోటారు సైకిలునకువలె హ్యాండిలుండును. క్రింద మాత్రము నాలుగు లావైన టైర్లుండును. వానిలో గాలి తక్కువ ఒత్తిడితో నింపబడియుండుటచే అవి నేలకు మెత్తగా ఒదిగి ఇసుకలోను బురదలోను కూరుకొనక సాగును. 1970లో జపాను దేశపు హోండా సంస్థ ఇట్టి టైర్లుగల మూడు చక్రముల బండిని అమెరికాలో విక్రయింప నారంభించెను. ఆ తరహా బండ్లు మలుపులలో సులభముగా ఒరిగి పడుచుండుటచే అనేకులు గాయపడిరి. 1982లో సుజుకి సంస్థ నాలుగు చక్రముల బండిని తెచ్చెను. 1985లో పందెములకు తగిన వేగముగల క్వాడును వెలువరించెను. 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి అమెరికాలో క్రొత్త మూడు చక్రముల బండ్ల విక్రయము నిలిచిపోయెను. నాలుగవ చక్రముతో బండికి నిలుకడ పెరిగినది. కాని ముందు చక్రములు రెండగుటతో మరియొక చిక్కు కలిగినది.

మోటారు సైకిలు ముందు చక్రము హ్యాండిలునకు సూటిగా దిగువనే యుండును. క్వాడునందు అట్లు కాదు. ముందు చక్రములు రెండును చెరియొక ప్రక్కను దూరముగా నుండి, టై రాడ్లు అను కడ్డీలచేత హ్యాండిలుతో కలుపబడియుండును. ప్రతి చక్రమును తాను తిరుగుటకు ఆధారమైన కీలునకు కొంత వెలుపలగా నిలిచియుండును. ఎడమ చక్రమొక్కటి రాతికి తగిలినచో ఆ రాయి దానిని వెనుకకు నెట్టును. అంచుపట్టి త్రోసిన తలుపు కీలు చుట్టు తిరిగినట్లు, ఆ చక్రము ఎడమకు గిరుక్కున తిరుగును. ఆ తిరుగుడు కడ్డీవెంట ప్రాకి హ్యాండిలును విసరును. నడుపువాడు ఎడమకు పోదలచినవాడు కాడు, పోదలచినది రాయి!

ఈ విసురు ఒక్కమారైనచో బలవంతుడు ఓర్చుకొనగలడు. పందెములో అది వందలకొలది మారులు వచ్చును. మణికట్టు నొచ్చును, ముంజేతి కండరములు రాయివలె బిగియును, వ్రేళ్లలో పట్టు సడలును. అంతటితో ముగియదు. క్వాడునందు ఇంజను వేగమును పెంచు మీట కుడిచేతి బొటనవ్రేలి క్రింద నుండును. చేయి అదరినచో వ్రేలు అదరును. వ్రేలు అదరినచో ఇంజను అదరును. వేగముగా పోవుచున్నప్పుడు హ్యాండిలు ఒక్క క్షణము చేజారిన బండి బోల్తాపడి, నడుపువాని ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును.

స్టెబిలైజరు చేయు పని ఈ విసురును అణచుట. దీనిలో సామాన్యముగా కనబడు ఒక రకమునందు, హ్యాండిలు కాడకు చేరువగా ఒక చిన్న లోహపు డబ్బీ యుండును. డబ్బీ నిండ చమురును, ఆ చమురులో తిరుగు ఒక రెక్కయు నుండును. హ్యాండిలు తిరిగినప్పుడు రెక్కయు తిరిగి చమురును ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు సన్నని దారిగుండ త్రోయును. ఆ దారిలో ఒక వాల్వు కలదు. దానిని త్రిప్పినచో దారి ఇరుకగును లేక వెడల్పగును.

ఈ పరికరపు గుట్టంతయు చమురు స్వభావమునందే కలదు. కాలువనీటిలో అరచేతిని మెల్లగా కదలించినచో నీరు అడ్డు చెప్పదు. అదే చేతితో నీటిని గట్టిగా చరచినచో అరచేయి మండును. చమురును అట్లే. నడుపువాడు మలుపునొద్ద హ్యాండిలును నెమ్మదిగా త్రిప్పినప్పుడు చమురు సన్నని దారిగుండ శాంతముగా జారిపోవును. రాయి తగిలి హ్యాండిలు ఒక్కసారిగా విసరబడినప్పుడు అంత వేగముగా జారుటకు దానికి దారి చాలదు. వేగము హెచ్చినకొలది నిరోధమును హెచ్చును. దెబ్బలోని శక్తి వేడిగా మారి చమురులో కలిసిపోవును. చేతికి తగులవలసిన పెనువిసురు చిన్న తోపుగా మిగులును. చమురునకు రాయి ఏదియో, మనుజుడెవడో తెలియదు. తొందరను మాత్రము గుర్తించి అడ్డగించును, నెమ్మదికి దారి విడుచును.

పరికరమును కొని బిగించినంతమాత్రమున ఫలము చేకూరదు. దానిని సరిదిద్దుకొనుటలోనే నేర్పు కలదు. వాల్వునకు గల మరను త్రిప్పినప్పుడు టిక్కు టిక్కుమని మెట్లుమెట్లుగా అది కదలును. తెలిసినవారు మొదట దానిని పూర్తిగా వదులు చేసి, పరిచయమైన ఒక చిన్న మార్గములో బండిని నడిపి చూతురు. పిమ్మట ఒకటి రెండు మెట్లు బిగించి, ఆ మార్గముననే, ఆ వేగముతోనే మరల నడుపుదురు. మెట్ల లెక్కను పుస్తకములో వ్రాసికొందురు. ఒక దినమున ఒక్కదానినే మార్చుట వారి నియమము. టైర్ల గాలిని, స్ప్రింగుల బిగువును, స్టెబిలైజరును ఒక్కసారిగా మార్చినచో దేనివలన మేలు కలిగెనో, దేనివలన కీడు కలిగెనో తేల్చుట సాధ్యము కాదు.

వదులు మితిమీరినచో దెబ్బ చేతికి తగులును. ఇది ఎవరికైనను తెలియును. బిగువు మితిమీరినప్పటి కీడు తెలియుటకు కొంత కాలము పట్టును. హ్యాండిలు బరువెక్కును. మలుపు తిరిగిన పిదప చక్రములు సకాలమున తిన్నబడవు. నడుపువాడు దిద్దబోవు ప్రతి చిన్న దిద్దుబాటును ఆలస్యమగుటచే బండి తిన్నగా పోక అటునిటు ఊగును. దెబ్బలనుండి కాపాడుటకు తెచ్చిన పరికరముతోనే చేతులు పోరాడి అలసిపోవును. రాతిని అడ్డగించినది మనుజునికిని అడ్డమైనచో ప్రయోజనమేమి?

ఎంత బిగువు సరియైనదని ప్రశ్నించినచో నేలయే సమాధానము చెప్పవలెను. మెక్సికో దేశపు బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పములో 1967లో ఆరంభమైన సుప్రసిద్ధమైన ఎడారి పందెము కలదు. బాహా 1000 అని దాని పేరు. అందు క్వాడులును పాల్గొనును. ఎండిన వాగులు, రాతినేలలు, అలలవలె వరుసగా లేచిన మట్టిగుట్టలు, చక్రములు దిగబడు మెత్తని ధూళి ఆ దారిలో ఎదురగును. దూరము ఎక్కువ, వేగము ఎక్కువ, మలుపులు తక్కువ. అచట బిగువు కొంత హెచ్చుగా నుండుట మేలు. అమెరికా తూర్పు భాగమునందలి అడవులలో జరుగు క్వాడ్ పందెములలో దారి చెట్ల నడుమనుండి పోవును. అడుగడుగునకును మలుపు, హ్యాండిలు క్షణమైన ఊరకుండదు. అచట బిగువు తక్కువగా నుండవలెను. ఒకే బండి, ఒకే మనుజుడు, ఒకే పరికరము. నేల మారినచో లెక్క మారును. తుదకు ఒకే పందెములోను అది మారవచ్చును. గంటలకొలది దెబ్బలు తిని వేడెక్కిన చమురు పలుచనగును. దాని నిరోధము తగ్గును. అందుచేతనే కొందరు నడుచుచున్న బండిమీదనే మరను త్రిప్పి ఒక మెట్టు బిగింతురు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. ఈ పరికరము కుదుపును అణచునే గాని కుదుపునకు కారణమైన లోపమును తొలగింపదు. అరిగిన బాల్ జాయింటు, వంగిన టై రాడ్డు, అలైన్‌మెంటు తప్పిన చక్రములు, టైర్లలో సమానముగా లేని గాలి, ఇవన్నియు హ్యాండిలును అదరించును. ఆ అదురే బండి చెప్పుకొను మొర. మొర వినక స్టెబిలైజరును బిగించుట రోగి నోరు మూసి రోగము కుదిరినదనుట వంటిది. అదురు మాయమగును, అరుగుదల సాగుచునే యుండును, ఒకనాడు కీలు ఊడును. కావున మంచి మెకానిక్కు ముందుగా కీళ్లను, కడ్డీలను, టైర్లను పరీక్షించి, తరువాతనే స్టెబిలైజరును ముట్టును. బండి బోల్తాపడకుండ ఆపు శక్తియు దీనికి లేదు. తలకు హెల్మెటు, దేహమునకు తగిన రక్షణ తప్పనిసరి. పెద్దల కొరకు చేసిన క్వాడులను 16 ఏండ్లు నిండని పిల్లలు నడుపరాదని నిపుణులు హెచ్చరించుచున్నారు. ఏ పరికరమును ఈ హెచ్చరికను రద్దు చేయజాలదు.

దెబ్బలు లేని దారిని ఈ పరికరము కల్పింపదు. దెబ్బ తగిలిన క్షణమున చేయి చెదరకుండ చూచును. ఎప్పుడు అడ్డగింపవలెనో, ఎప్పుడు దారి విడువవలెనో దాని కొలత మాత్రము మనుజుడే నిర్ణయింపవలెను. ఆ కొలత ఒకరు చెప్పగా వచ్చునది కాదు. నేలను చూచి, బండి మొర విని, ఒక్కొక్క మెట్టుగా దిద్దుకొన్నవానికే అది చిక్కును.